మూడు నెలలు ఆగమన్నారు

ఇది చదువుతున్నవాళ్ళలో ఎవరో ఒకరు ఈ పాటికి తమ చేతినో వేలినో పట్టి పట్టి చూసుకుంటూ కూర్చుని ఉంటారని నాకు తెలుసు. ఎవరిదో రక్తం అంటుకుని ఉంటుంది. సూది గుచ్చుకుని ఉంటుంది, మంగలి బ్లేడు కోసుకుని ఉంటుంది, రోడ్డు మీద పడిపోయిన మనిషిని లేపి ఉంటారు. ఆ రోజు బాగానే గడుస్తుంది. తర్వాత ఎవరో ఒక మాట అంటారు, ఇక అన్నం సహించదు. రెండేళ్ళ కిందట నేనూ అలాగే కూర్చున్నాను. ఇప్పుడు నిక్షేపంలా ఉన్నాను కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను. అప్పుడు కూడా ధైర్యంగానే ఉన్నానని నా నమ్మకం. మా ఆవిడ ఒప్పుకోదు.

మేం రాయపూర్‌లో డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో ఉంటాం. మా నాన్న శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి ఇక్కడ రైల్వే వ్యాగన్లు రిపేరు చేసే వర్క్‌షాపులో చేరాడు. ఆయన తర్వాత నేను ఫిట్టరుగా చేరాను. వ్యాగన్ల తలుపులు, రేకులు చేత్తో పట్టి సర్దే పని. ఈ పని చేసేవాడి అరచేతులు చూడండి, ఎప్పుడు చూసినా రెండు మూడు పచ్చి గాట్లు ఉంటాయి. వాటిని మేం దెబ్బల కింద జమ కట్టం.

1997, డిసెంబరు

ఆ ఏడు అయ్యప్ప మాల వేసుకున్నాను. కాలనీలోని తెలుగువాళ్ళం ఏటా ఒక జట్టుగా వేసుకుంటాం. మాల మెడలో ఉన్నన్నాళ్ళూ నల్లబట్టలు, చెప్పుల్లేని కాళ్ళు, చన్నీళ్ళ స్నానం, వేరే కంచం, నేల మీద చాప. భార్యకు దూరం. ఆవిడ నన్ను స్వామీ అనాలి, నేను ఆవిడను మాతా అనాలి. మా ఆవిడ వరాలుకి ఇదంతా మహా సరదా. "స్వామీ, బియ్యం అయిపోనాయి" అని నవ్వు ఆపుకుంటూ చెప్పేది. రెండో క్లాసు చదివే మా అమ్మాయి గౌరిని కూడా మాతా అనే పిలవాలి. అదే అదను అనుకుని ఆ మాత రోజూ ఏదో ఒకటి కొనమని అడిగేది.

ఒక ఆదివారం మందిర్ హసౌద్‌లో ఉండే ఒక స్వామి ఇంట భిక్షకు బయల్దేరాను. భిక్ష అంటే మాల వేసుకున్నవాళ్ళను పిలిచి పెట్టే భోజనం. స్కూటరు మీద ఒక్కణ్ణే వెళ్తున్నాను. ఊరు దాటాక రోడ్డు పక్కన లారీ ఆపుకుని డ్రైవరు టైరు మారుస్తున్నాడు. నేను చూస్తుండగానే జాకీ జారి లారీ ఒరిగింది. ఏ రేకు అంచు తగిలిందో గానీ, అతని చెయ్యి మోచేతి నుంచి మణికట్టు దాకా చీరుకుపోయింది. అలాంటివి వర్క్‌షాపులో చూసినవాణ్ణి, ఆలోచించలేదు. నా నల్ల కండువా తీసి చుట్టి రెండు చేతులతో నొక్కి పట్టుకున్నాను. రక్తం కండువాను దాటి నా వేళ్ళ సందుల్లోంచి మోచేతుల దాకా కారింది. బట్టలన్నీ తడిసిపోయాయి. ఒక జీపును ఆపి ఆసుపత్రికి చేర్చేదాకా ఆ పట్టు వదల్లేదు. అతని పేరు బిసాహు అని దారిలోనే తెలిసింది. నన్ను "మహరాజ్, మహరాజ్" అని పిలుస్తూనే ఉన్నాడు.

ఇంటికొచ్చి తల మీంచి నీళ్ళు పోసుకున్నాను. భిక్ష తప్పిపోయిందే అన్న బెంగ తప్ప ఇంకేమీ లేదు. కాలనీలో ఆ కథను కాస్త ఉప్పూ కారం వేసి పదిమందికీ చెప్పాను కూడా.

ఆ వారంలోనే అరటిపళ్ళు పట్టుకుని అతన్ని చూడటానికి వెళ్ళాను. వార్డులో లేడు. వరండా చివర, మిగతావాళ్ళకు దూరంగా ఒక్క మంచం వేసి పడుకోబెట్టారు. నన్ను చూడగానే లేచి కూర్చుని, కట్టు లేని చెయ్యి అడ్డం పెట్టాడు.

"మోర్ తీర్ ఝన్ ఆ మహరాజ్."

దగ్గరికి రావద్దంటున్నాడు. ఛత్తీస్‌గఢీ నాకు చిన్నప్పటి నుంచీ వచ్చు. మాట తెలిసింది గానీ ఎందుకంటున్నాడో తెలియలేదు.

"తోర్ హాథ్ మా ఘావ్ రిహిస్ కా?" అని అడిగాడు. నీ చేతికి గాయం గానీ ఉండిందా అని.

నేను రెండు అరచేతులూ చాపి చూపించాను. గాట్లు ఇంకా పూర్తిగా మానలేదు. వాటికేసి చూసి తల దించుకున్నాడు. చేతికి ఆపరేషను చేసే ముందు రక్తం పరీక్ష చేశారట. ఎయిడ్స్ జబ్బు ఉందన్నారట. తనకు చెప్పి ఒక్క రోజే అయింది. ఇంట్లో ఇంకా చెప్పుకోలేదు. నేను వస్తానేమోనని చూస్తున్నాడట, రాకపోతే నల్లబట్టల మహరాజు ఎక్కడుంటాడో వెతికించి కబురు పెడదామనుకున్నాడట. తన బతుకు తలకిందులైన వేళ నా చేతుల గురించి ఆలోచించిన మనిషి అతను. ఆ సంగతి ఆ రోజు నా బుర్రకు ఎక్కలేదు. పళ్ళు మంచం చివర పెట్టి, నమస్కారం కూడా సరిగ్గా పెట్టకుండా వచ్చేశాను.

బయట కుళాయి కనిపిస్తే చేతులు పెట్టాను. అప్పటికి ఎన్నో స్నానాలు అయిపోయిన చేతులవి. అయినా తోమాను, తోమాను, మానుతున్న గాట్లు మళ్ళీ రేగి రక్తం వచ్చేదాకా తోమాను. భయమేస్తే మనిషి ఎంత తెలివితక్కువ పని చేస్తాడో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

రైల్వే ఆసుపత్రికి వెళ్తే సాయంత్రానికి కాలనీ అంతా గుప్పుమంటుంది. అందుకని శంకర్ నగర్‌లో, మావాళ్ళెవరూ వెళ్ళని ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. వెయిటింగ్ రూమ్ నిండా పిల్లల్ని ఎత్తుకున్న ఆడవాళ్ళు. నల్లబట్టలు, మెడలో మాల, నుదుట విభూతి, చెప్పుల్లేని కాళ్ళు. అందరూ లేచి నాకు కుర్చీ ఇచ్చారు. ఒక ముసలామె దగ్గుతున్న మనవణ్ణి తీసుకొచ్చి, "బాబా కే పైర్ ఛూ లో బేటా" అని వాడి తలను నా కాళ్ళ మీదకు వంచింది. కాళ్ళు మీదకు లాక్కుని కుర్చీలో బాసింపట్టు వేసుక్కూర్చున్నాను. చలికాలం, చెప్పుల్లేకుండా తిరిగి తిరిగి నా మడమలు పగిలి నెత్తురోడుతున్నాయి. ఆ సంగతి ఆవిడకేం తెలుసు? బాబాకి గర్వమనుకుని ఉంటుంది.

డాక్టరమ్మ అంతా విని, నా చేతులు పట్టుకుని చూసింది. చేతికి ఏమీ తొడుక్కోకుండానే చూసింది. ఆ ఒక్క పనితో సగం ప్రాణం లేచొచ్చింది. "గాటు మీద రక్తం పడితే అంటుకోవడం చాలా అరుదు భయ్యా. కానీ లేదని చెప్పాలంటే పరీక్ష కావాలి. ఇప్పుడే చేస్తే ఏమీ తేలదు. మూడు నెలలు ఆగి రండి" అంది. అందరితో కలిసి తినొచ్చు. పిల్లను ఎత్తుకోవచ్చు. భార్యతో ఉంటే నిరోధ్ వాడాలి, రక్తదానం చేయకూడదు. ముందు ఇంటికెళ్ళి భార్యకు చెప్పాలి.

మూడు నెలలు! బ్రేకు బాగుపడిందో లేదో మేం ఆ పూటే చూసి వ్యాగన్ని పంపేస్తాం. నా ఒంట్లో ఏముందో నాకు తెలియడానికి మూడు నెలలట. డాక్టరమ్మ చెప్పింది ఒకటైతే నేను చేసింది ఇంకొకటి. ఇంట్లో చెప్పలేదు. మాల ఎలాగూ ఉంది కదా! వేరే కంచం, వేరే చాప, భార్యకు దూరం. ఎవరూ ఎందుకని అడగరు. పైగా దండం పెడతారు. ఇంతకన్నా అనువైన ముసుగు ఎవరికి దొరుకుతుంది? నా తెలివికి నేనే మురిసిపోయాను.

మురిపెం ఎన్నాళ్ళో నిలవలేదు. మా జట్టుకి పెద్ద కూర్మన్న గురుస్వామి. వర్క్‌షాపులో రంగులు వేసే పని, ఎన్నోసార్లు శబరిమల వెళ్ళొచ్చినవాడు. ఆయన ఇంట్లో పూజయ్యాక భిక్షకు ముందు, ఆ ఇంటి ఆడవాళ్ళు స్వాముల కాళ్ళు పళ్ళెంలో పెట్టి కడిగి ఆ నీళ్ళు తల మీద చల్లుకోవడం మాలో ఆనవాయితీ. వరసగా కూర్చున్నాం. కూర్మన్న కోడలు చెంబు పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరా ఆగుతూ వస్తోంది. నా వంతు దగ్గరపడే కొద్దీ కాళ్ళు పంచె కిందకి లాక్కున్నాను. పగిలిన మడమలు, వాటిలో ఎర్రటి గీతలు. ఆ నీళ్ళు ఆ పిల్ల నెత్తిన చల్లుకుంటుంది, పిల్లలకి చల్లుతుంది. నేను లేచి నిలబడ్డాను.

"ఏటి స్వామీ, కాళ్ళు దాసీస్తన్నావు?" అన్నాడు కూర్మన్న.

"నాకొద్దు స్వామీ. నేను కడిగించుకోను."

"కడిగేది నీ కాళ్ళు కాదు. లోపలున్న అయ్యప్పని. కూకో."

"అయ్యప్పకి దండం పెడతాను గానీ నా కాళ్ళ జోలికి రావద్దు" అని గోడకు ఆనుకున్నాను. కూర్మన్న మొహం మాడిపోయింది. చెంబు పట్టుకున్న పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తన చేతిలో ఏదో దోషం ఉందని అనుకున్నట్టుంది. వరాలు గుమ్మంలో నిలబడి అంతా చూసింది. దారి పొడవునా నాకన్నా నాలుగడుగులు ముందు నడిచింది. ఆ పిల్లను అలా నొప్పించాల్సిన పని లేదని, కాళ్ళు కడిగిన నీళ్ళతో ఈ జబ్బు రాదని తర్వాత డాక్టరమ్మ చెప్పింది. అడిగి ఉంటే ఆ రోజే చెప్పేది.

1998, జనవరి

జట్టుతో శబరిమల వెళ్ళాను. రైల్లో నా గ్లాసు నాదే, నా నీళ్ళు నావే. కూరలు తరిగే కత్తిని ముట్టలేదు. ప్రతి ఏడూ కొబ్బరికాయలు కొట్టేది నేనే, ఈసారి ముందుకు రాలేదు. కాళ్ళ సంగతి చూసి ముందు పొగరనుకున్నవాళ్ళు ఇప్పుడు నియమం అనుకోవడం మొదలుపెట్టారు. "సూర్రావు స్వామి నిష్ఠ సూడండి" అని కూర్మన్నే నన్ను చూపించి అన్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. కొండెక్కుతుంటే ఒక్కటే కోరిక. వరాలుకీ గౌరికీ నా వల్ల ఏమీ కాకూడదు. నాకేమైనా ఫరవాలేదని మాత్రం అనలేదు. ఫరవా ఉంది. నాకు బతకాలని ఉంది. ఆ మాటే గట్టిగా చెప్పుకున్నాను స్వామికి.

తిరిగి వచ్చాక మాల తీయాలి. హోలీకి మూడు నెలలు నిండుతాయని లెక్క కట్టుకుని కూర్మన్నతో అన్నాను, "నాది తీయొద్దు స్వామీ, హోలీ దాకా ఉంచుకుంటానని మొక్కుకున్నాను."

"అలాంటి మొక్కు అయ్యప్పకి లేదు. హోలీకి అయ్యప్పకి ఏటి సంబంధం?" అని మంత్రం చదివి మాల తీసేశాడు. మెడ బోసిపోయింది, ముసుగూ పోయింది. ఆ సాయంత్రం వరాలు మంచం మీద కొత్త దుప్పటి పరిచింది. నేను మూల నుంచి చాప తీసి మళ్ళీ నేల మీద వేసుకున్నాను.

"ఇంకా ఏటండీ?" అంది.

"నడుం నొప్పి. గట్టి నేల మంచిది."

నడుం నొప్పికి ఇంట్లో తైలాలు వచ్చాయి, కాపడాలు వచ్చాయి. గౌరి ఎక్కి నడుం తొక్కుతానని సరదా పడింది. కసిరాను. అది వాళ్ళమ్మ కొంగు వెనక్కి వెళ్ళిపోయి, కొన్నాళ్ళు నా దగ్గరికి రాలేదు.

ఫిబ్రవరి

కాలనీ గోడలకు చెవులే కాదు, నోళ్ళు కూడా ఉంటాయి. మాల తీసినా పెళ్ళాన్ని ముట్టని మొగుడికి ఇంకెవరో ఉండే ఉంటారని వరాలుకి ఎవరో ఎక్కించారు. ఒక ఆదివారం పొద్దున్నే దొడ్లో నా చొక్కాలు నానబెట్టబోతూ, ఒక్కసారిగా బకెట్టు దభీమని కింద పెట్టింది.

"ఆవిడెవరో సెప్పీండి. నేను అరవను. గౌరిని తీసుకుని మా అన్నయ్య దగ్గరికి ఎలిపోతాను, అంతే."

నడుం నొప్పి సంగతే మళ్ళీ ఎత్తాను. ఆవిడ కదల్లేదు. ఇక దాచి లాభం లేదని బిసాహు సంగతి, డాక్టరమ్మ సంగతి, మూడు నెలల సంగతి అంతా చెప్పేశాను. ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. అలాగే నిలబడి తన చేతులకేసి చూసుకుంది.

"ఆ రోజు మీ బట్టలు ఉతికిందెవరు?" అంది.

నేను బట్టలారేసే తీగకేసి చూశాను.

"సబ్బుపొడికి నా ఏళ్ళన్నీ పగిలిపోయి ఉన్నాయి. బకెట్లో నీళ్ళు ఎర్రగా మారిపోనాయి. దీక్ష బట్టలని సేత్తో పిండి పిండి ఉతికీసినాను. అది మీకు గుర్తుకే రాలేదేటి?"

రాలేదు. నిజంగా రాలేదు. చాప, కంచం, గ్లాసు, కాళ్ళు, కత్తి అన్నీ తట్టాయి. నల్లబట్టలు ఆ సాయంత్రానికే తీగ మీద శుభ్రంగా ఆరుతున్నాయి. ఎవరో ఉతికితేనే శుభ్రమయ్యాయన్న ఆలోచన మాత్రం తట్టలేదు. అంతకు ముందు నాకు కలిగింది భయం కాదు, దాని తమ్ముడో ఎవరో. అసలు భయం ఆ దొడ్లో కలిగింది. మెట్టు మీద కూలబడ్డాను. ఆవిడ బకెట్టు మళ్ళీ అందుకుని చొక్కాలు నానబెట్టింది.

మధ్యాహ్నానికి తేరుకుని ఒక్కటే అంది. "ఆ డ్రైవరు సెప్పకపోతే మనకి తెలిసేదా? ఒక్కసారి సూసొద్దాం పదండి."

ఆసుపత్రిలో అడిగితే మందిర్ హసౌద్ దగ్గర ఇల్లని చెప్పారు. వెతుక్కుంటూ వెళ్ళాం. బిసాహు చెయ్యి మానింది, వేళ్ళు పూర్తిగా ముడుచుకోవడం లేదు. మనిషి చిక్కిపోయాడు. అతని భార్య గ్లాసుల్లో టీ తెచ్చింది. నేను గ్లాసు పట్టుకుని ఒక క్షణం ఆలోచించాను. వరాలు అప్పటికే సగం తాగేసి, "అచ్ఛా బనాయే హో దీదీ" అని తన తెలుగు హిందీలో మెచ్చుకుంటోంది. నేనూ తాగాను. బిసాహు గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. అతని ఇంట్లో బయటివాళ్ళెవరూ టీ తాగి చాలా రోజులైందట. వచ్చేటప్పుడు, ఆ రోజు పెట్టని నమస్కారం సరిగ్గా పెట్టాను.

మార్చి

ఇద్దరం కలిసి శంకర్ నగర్ వెళ్ళాం. డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి చీవాట్లు పెట్టింది. సబ్బునీళ్ళలో బట్టలు ఉతికితే ఇది రాదని వరాలుకి ఓపిగ్గా చెప్పింది. అయినా మనసు కుదుటపడాలంటే తనదీ పరీక్ష చేయమని వరాలు చెయ్యి చాపింది. ఇద్దరి రక్తమూ తీశారు.

జవాబు కోసం పిలిచిన రోజు వెయిటింగ్ రూమ్‌లో కూర్చున్నాం. అక్కడ ఎవరూ లేచి కుర్చీ ఇవ్వలేదు, ఎవరూ కాళ్ళకు మొక్కలేదు. మామూలు మనిషిగా కూర్చోవడం హాయిగానే ఉంది. నాకున్నా సరే గానీ తనకు ఉండకూడదు. తనకుంటే నాకూ ఉండాలి. ఇలా బేరాలు ఆడుతున్నాను లోలోపల. వరాలు పక్కనున్న పాపాయికి చప్పట్లు కొట్టడం నేర్పుతోంది. పేర్లు పిలిచారు. డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోనివ్వకుండానే, "దోనో ఠీక్. ఘర్ జాయియే" అంది.

ఇద్దరికీ ఏమీ లేదు. నేను అక్కడే, అందరి ముందూ ఏడ్చాను. సిగ్గేం లేదు.

మీలో ఎవరికైనా ఇలా జరిగితే, ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళండి, చెప్పింది చెప్పినట్టు చేయండి. కత్తినీ గ్లాసునీ చూసి బెదరకండి. రక్తం కారుతున్న మనిషి కనిపిస్తే ఆగండి, నేను ఇప్పటికీ ఆగుతాను. చేతికి ఏ ప్లాస్టిక్ సంచో తొడుక్కుని ఆగుతాను, అదొక్కటే తేడా. ఇంట్లో చెప్పడం గురించి ఇంకో సలహా ఉంది, అది నాది కాదు, వరాలుది.

క్లినిక్ బయట టీ కొట్టు దగ్గర నిలబడ్డాం. నాకు ప్రపంచమంతా కడిగినట్టు కనిపిస్తోంది. వరాలు టీ ఊదుకుంటూ, "నాకే వచ్చీసుంటే ఏటి సేసేవారు?" అంది.

"ఏం చేస్తాను, నీ పక్కనే ఉండేవాణ్ణి." తడుముకోకుండా చెప్పాను.

"దూరంగా ఉండేవారు కాదా?"

"ఛ, ఎందుకుంటాను? ఎవరేమనుకుంటే నాకేం?"

ఆవిడ గ్లాసు బల్ల మీద పెట్టి నా మొహంలోకి చూసింది.

"మరి నేను దూరంగా ఉంతానని ఎలాగనుకున్నారు?"

మూడు నెలలూ కాలనీలో ఎవరేం అడిగినా నా దగ్గర ఏదో ఒక జవాబు సిద్ధంగా ఉండేది. దీనికి లేదు. రెండేళ్ళయింది, ఇప్పటికీ లేదు.